బందోబస్తు లేక ఆగిన లీగ్

ఈజిప్టు ఫుట్‌బాల్ లీగ్ విజేతల జాబితా తీస్తే 2011-12 ఎదురుగా ఏ జట్టు పేరూ కనిపించదు. దాని కింద 2012-13 ఎదురుగానూ అంతే. ఆఫ్రికాలో బాగా పేరున్న లీగుల్లో ఒకటి వరసగా రెండు సీజన్లు మొదలైంది, కొంతదూరం నడిచింది, మధ్యలోనే ఆగిపోయింది. మొదటిసారి ఒక స్టేడియంలో 74 మంది చనిపోయినందుకు. రెండోసారి దేశంలో ప్రభుత్వమే కూలిపోయినందుకు. రెండుసార్లూ ఆట నిలిచింది భద్రత అనే మాట దగ్గరే.

ఆ మాట మనకూ కొత్త కాదు. సభకో, ఊరేగింపుకో అనుమతి నిరాకరిస్తూ పోలీసులు ఇచ్చే కాగితాల్లో తరచూ చూసేదే. కానీ ఈజిప్టు విషయంలో అది అంత తేలిగ్గా మింగుడు పడదు. అంతమంది చనిపోయిన రాత్రి స్టేడియంలో పోలీసులు లేరా అంటే ఉన్నారు. హెల్మెట్లు పెట్టుకుని, డాళ్లు పట్టుకుని, వరసగా నిలబడే ఉన్నారు.

పోర్ట్ సయీద్‌లో ఆ రాత్రి

2012 ఫిబ్రవరి 1, బుధవారం. సూయజ్ కాలువ మధ్యధరా సముద్రాన్ని చేరే చోట ఉన్న రేవు పట్నం పోర్ట్ సయీద్. సొంత జట్టు అల్ మస్రీ. ఆ రోజు ఆడడానికి వచ్చింది కైరో జట్టు అల్ అహ్లీ. 1907లో పుట్టిన అహ్లీ అంటే ఈజిప్టులో ఒక క్లబ్బు కంటే ఎక్కువ. కోట్లమంది అభిమానులు, లెక్కలేనన్ని కప్పులు. రాజధాని జట్లంటే కాలువ ఒడ్డు ఊళ్లకు పాత కక్ష. 1956లో బ్రిటిష్, ఫ్రెంచి సేనలకు ఎదురు నిలిచిన ఊరు మాది, 1967 యుద్ధం తర్వాత ఇళ్లూవాకిళ్లూ వదిలి ఏళ్ల తరబడి బయట బతికిన జనం మేము, అయినా కైరో మమ్మల్ని ఏనాడు పట్టించుకుంది? పోర్ట్ సయీద్ వాసుల మనసులో ఈ మాట ఎప్పుడూ ఉంటుంది.

మ్యాచ్ మొదలయ్యే ముందే జనం మైదానంలోకి దిగారు. మధ్యమధ్యలోనూ దిగారు. టపాసులు, మంటలు. అహ్లీ వైపు గ్యాలరీలో ఊరిని కించపరిచే బ్యానర్ ఒకటి లేచింది. ఇలాంటి మ్యాచ్‌ను మధ్యలోనే ఆపేయాలని తెలుసుకోవడానికి పెద్ద అనుభవం అక్కర్లేదు. ఎవరూ ఆపలేదు. మస్రీ 3-1తో గెలిచింది. నిజానికి గెలిచిన ఊరు పండగ చేసుకోవాలి.

రెఫరీ చివరి విజిల్ వేయగానే వేలమంది మైదానం దాటుకుని అహ్లీ అభిమానుల గ్యాలరీ మీదికి పరిగెత్తారు. కొందరి చేతుల్లో కర్రలు, కత్తులు. ప్రవేశ ద్వారాల దగ్గర సోదాలు సరిగా జరగలేదని తర్వాత తేలింది. అహ్లీ ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూమ్ వైపు పరుగు తీశారు. పోర్చుగీసు కోచ్ మాన్యుయెల్ జోసేను దారిలో కొట్టారు. అంతలో ఫ్లడ్‌లైట్లు ఆరిపోయాయి. చీకట్లో అహ్లీ కుర్రాళ్లు గ్యాలరీ వెనక ఉన్న ఇరుకు దారిలోకి, బయటి గేటు వైపుకి దూసుకెళ్లారు. ఆ గేటు మూసి ఉంది. వెనక నుంచి తోపులాట, ముందు ఇనుప తలుపు. ఎక్కువమంది అక్కడే ఊపిరాడక పోయారు. కొందరు పైనుంచి కింద పడి చనిపోయారు.

డ్రెస్సింగ్ రూమే ఆసుపత్రి అయింది. ఈజిప్టు జనం నెత్తిన పెట్టుకున్న ఆటగాడు మొహమ్మద్ అబూతరీకా ముందే, ఆ గదిలోనే, ఒక అభిమాని ప్రాణం విడిచాడు. జనం ఇక్కడ చచ్చిపోతున్నారు, ఎవరూ రావడం లేదు అంటూ ఆటగాళ్లు అహ్లీ క్లబ్బు టీవీ చానల్‌కి ఫోన్లు చేశారు. దేశమంతా టీవీల్లో విన్నది ఆ గొంతులనే. అదే సమయంలో కైరోలో జమాలెక్, ఇస్మాయిలీ జట్ల మధ్య జరుగుతున్న మ్యాచ్‌ని వార్త తెలియగానే సగంలో ఆపేశారు.

మొత్తం 74 మంది. వారిలో 72 మంది అహ్లీ అభిమానులు, ఒకరు మస్రీ అభిమాని, ఒకరు పోలీసు. చాలామంది బడికీ కాలేజీకీ వెళ్లే పిల్లలు.

అలిగిన పోలీసు

పోలీసులు కదలకపోవడానికి చేతగానితనమే కారణమా, ఇంకేమైనా ఉందా? ఈజిప్టులో ఈ చర్చ ఇప్పటికీ తెగలేదు. చనిపోయిన పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది రెండో మాటే నమ్మారు. ఎందుకు నమ్మారో తెలియాలంటే ఒక ఏడాది వెనక్కి వెళ్లాలి.

2007లో కైరోలో అహ్లీ అభిమానులు ‘అల్ట్రాస్ అహ్లావీ’గా, జమాలెక్ అభిమానులు ‘అల్ట్రాస్ వైట్ నైట్స్’గా సంఘాలు కట్టారు. తొంభై నిమిషాలూ నిలబడి పాడడం, డప్పులు, రంగు పొగలు, గ్యాలరీ నిండా పరుచుకునే పెద్ద పెద్ద గుడ్డ బొమ్మలు వాళ్ల పని. వాటితో పాటు పోలీసులతో నిత్యం తగవు. అధ్యక్షుడు ముబారక్ ఏలుబడిలో నలుగురు కుర్రాళ్లు ఒక చోట చేరితే అనుమానం. అత్యవసర చట్టం 1981 నుంచి అమల్లో ఉంది. పార్టీలు, విద్యార్థి సంఘాలు నోరెత్తలేని దేశంలో వేలమంది ఒక్క గొంతుతో పోలీసులను తిట్టగలిగిన చోటు స్టేడియం గ్యాలరీ ఒక్కటే. ఆ కుర్రాళ్లు వారం వారం లాఠీ దెబ్బలు తిన్నారు, బాష్పవాయువు పీల్చారు, ఎటు పరిగెత్తాలో, ఎక్కడ మళ్లీ గుమికూడాలో నేర్చుకున్నారు.

2011 జనవరి 25న తహ్రీర్ చౌక్‌లో తిరుగుబాటు మొదలయ్యాక ఆ విద్య అక్కరకొచ్చింది. ఫిబ్రవరి 2న ముబారక్ మనుషులు గుర్రాల మీద, ఒంటెల మీద చౌక్‌లోకి చొరబడినప్పుడు అడ్డం నిలిచినవాళ్లలో ఈ అభిమానులు ముందున్నారు. పోర్ట్ సయీద్ ఘోరం జరిగింది సరిగ్గా దానికి ఏడాది నిండే ముందు రాత్రి. అంతకు వారం ముందే, ముబారక్ దిగిపోయాక దేశాన్ని ఏలుతున్న సైనిక మండలి అత్యవసర చట్టాన్ని చాలావరకు సడలిస్తున్నట్టు ప్రకటించింది కూడా. మేం లేకపోతే ఏమవుతుందో చూడండి అని పోలీసులు పాఠం చెప్పారన్నది బాధితుల ఆరోపణ. కుట్ర ఉందని కోర్టులో పూర్తిగా రుజువు కాలేదు. కానీ రుజువు కావాల్సినంత దూరం వెళ్లకుండానే ఒక సంగతి కనిపిస్తుంది. తిరుగుబాటులో తలవంపులు తెచ్చుకున్న పోలీసు శాఖ ఏడాదిగా అలిగి కూర్చుంది. వీధుల్లో కనిపించడం మానేసింది, కనిపించినా జోక్యం చేసుకోవడం మానేసింది. ఆ అలక ఖరీదు ఆ రాత్రి 74 ప్రాణాలు.

ఆ తర్వాత అంతా మామూలుగా జరిగేదే జరిగింది. మూడు రోజుల సంతాపం, పార్లమెంటు అత్యవసర సమావేశం, గవర్నర్ రాజీనామా, ఫుట్‌బాల్ సంఘం పాలకమండలి తొలగింపు. కైరోలో హోం శాఖ కార్యాలయం చుట్టూ రోజుల తరబడి ఘర్షణలు, ఇంకొన్ని చావులు. మార్చి 10న సీజన్ రద్దయింది. మస్రీ జట్టుపై రెండు సీజన్ల నిషేధం, స్టేడియానికి మూడేళ్లు తాళం. శిక్ష వార్త వినగానే పోర్ట్ సయీద్ భగ్గుమంది, అక్కడ మరో కుర్రాడు చనిపోయాడు.

ఈజిప్టు లీగ్ ఆగడం అదే మొదలు కాదు లెండి. 1948లో మొదలైన ఆ పోటీకి 1967 యుద్ధం తర్వాత కొన్నేళ్లు గండి పడింది. 1971-72లో అహ్లీ, జమాలెక్ మ్యాచ్‌లో గొడవలకు ఒకసారి, 1973 యుద్ధానికి మరోసారి సీజన్ రద్దయింది. వరసగా రెండు సీజన్లు మొదలై మరీ ముగియకపోవడమే కొత్త.

ఆట లేని ఆటగాళ్లు

లీగ్ రద్దంటే ప్రేక్షకుడికి సాయంత్రాలు ఖాళీ. ఆటగాడికి జీతం ఖాళీ. టీవీ హక్కుల డబ్బు ఆగింది, ప్రకటనల డబ్బు ఆగింది, టికెట్ల డబ్బు ఎలాగూ లేదు. పెద్ద క్లబ్బులు ఎలాగో నెట్టుకొచ్చాయి. చిన్న క్లబ్బుల్లో జీతాలు నెలల తరబడి నిలిచాయి, కోతలు పడ్డాయి.

ఈ కష్టం ఎంత దాకా వెళ్లిందో చూపే ఘటన ఒకటి 2012 అక్టోబరులో జరిగింది. ఆఫ్రికా చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడడానికి నైజీరియా నుంచి సన్‌షైన్ స్టార్స్ జట్టు కైరో వచ్చింది. ప్రత్యర్థి అహ్లీ. ఆ నైజీరియా జట్టు దిగిన హోటల్‌ను చుట్టుముట్టింది అహ్లీ అభిమానులు కారు, ఈజిప్టు ఫుట్‌బాల్ ఆటగాళ్లు! దేశంలో లీగ్ ఆడనివ్వనప్పుడు అహ్లీ ఒక్కటి విదేశీ జట్టుతో ఎలా ఆడుతుంది, మా పొట్టల సంగతేంటి అన్నది వాళ్ల గొడవ. మరోవైపు అల్ట్రాస్ కుర్రాళ్లది ఇంకో పంతం: మా వాళ్లను చంపినవాళ్లకు శిక్ష పడేదాకా లీగ్ జరగనివ్వం. సెప్టెంబరులో వాళ్లు ఫుట్‌బాల్ సంఘం కార్యాలయంలోకి చొరబడ్డారు కూడా. న్యాయం అడిగే కుర్రాళ్లది తప్పనగలమా? బువ్వ అడిగే ఆటగాళ్లది తప్పనగలమా? ఇద్దరూ ఒకరికొకరు ఎదురు నిలబడ్డారు. సమాధానం చెప్పాల్సిన హోం శాఖ మాత్రం రెండు శిబిరాలకీ దూరంగా హాయిగా ఉంది. నన్నడిగితే ఈ మొత్తం కథలో అన్నిటికన్నా అన్యాయమైన ఘట్టం ఇదే.

అబూతరీకా ఒక పక్షం ఎంచుకున్నాడు. పోర్ట్ సయీద్ తర్వాత అతనూ, జట్టు సహచరులు బరాకత్, ఇమాద్ మోతెయబ్ ఇక ఆడమన్నారు, తర్వాత మనసు మార్చుకున్నారు. కానీ 2012 సెప్టెంబరులో ప్రేక్షకులు లేకుండా సూపర్ కప్ మ్యాచ్ పెట్టినప్పుడు, చనిపోయినవాళ్లకు న్యాయం జరగకుండా నేను ఆడనని అబూతరీకా మొండికేశాడు. క్లబ్బు రెండు నెలలు పక్కన పెట్టింది, జరిమానా వేసింది. అతను లేకుండానే అహ్లీ ఎన్పీ జట్టును 2-1తో ఓడించింది. అలెగ్జాండ్రియా దగ్గర బోర్గ్ అల్ అరబ్ స్టేడియంలో కప్పు ఎత్తితే చప్పట్లు కొట్టడానికి జనం లేరు.

విచిత్రమేమిటంటే ఈ రెండేళ్లలోనే అహ్లీ ఆఫ్రికా ఖండాన్ని రెండుసార్లు గెలిచింది. 2012 నవంబరులో ట్యునీసియా వెళ్లి ఎస్పెరాన్స్‌ను వాళ్ల సొంత గడ్డ మీద 2-1తో ఓడించింది. మరుసటి ఏడాది భద్రత పేరు చెప్పి అహ్లీ సొంత మ్యాచుల్ని ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న ఎల్ గూనా అనే విహారస్థలానికి తరిమారు. అక్కడి ఎండల్లో ఆడి మరీ ఫైనల్‌కొచ్చి, దక్షిణాఫ్రికా జట్టు ఒర్లాండో పైరేట్స్‌ను ఓడించింది. ఫైనల్ రెండు మ్యాచుల్లోనూ అబూతరీకా గోలు కొట్టాడు. దేశంలో లీగ్ లేకపోయినా ఖండంలో మొదటి జట్టు. దీన్ని అహ్లీ గొప్పతనంగా చెప్పుకోవడం ఈజిప్టులో అలవాటు. గొప్పతనమే, కాదనను. కానీ ఆ గొప్పతనం పెద్ద జట్టుకే సాధ్యం. లీగ్ ఆగితే అహ్లీకి ఖండం ఉంది, రేవు పట్నాల్లో, నైలు డెల్టా ఊళ్లలో ఆడే చిన్న జట్లకు ఇంకేం ఉంది?

బాసెల్‌లో 45 నిమిషాలు

ఆ చిన్న ఊళ్లలో ఒకటి నగ్రిగ్. నైలు డెల్టాలో పొలాల మధ్య పల్లె. అక్కడి నుంచి ఒక కుర్రాడు రోజూ బస్సులు మారి మారి, వెళ్లడానికే నాలుగు గంటలకు పైగా ప్రయాణం చేసి కైరోలో అరబ్ కాంట్రాక్టర్స్ క్లబ్బుకి ప్రాక్టీసుకు వచ్చేవాడు. లీగ్ రద్దయ్యేనాటికి అతనికి 19 ఏళ్లు. పేరు మొహమ్మద్ సలా.

అప్పటికే అతని మీద కన్నేసిన స్విట్జర్లాండ్ క్లబ్బు బాసెల్‌కి చూద్దామంటే ఈజిప్టులో మ్యాచులే లేవు. అందుకని ఈజిప్టు అండర్-23 జట్టును తమ ఊరికి స్నేహపూర్వక మ్యాచ్‌కి పిలిచింది. 2012 మార్చి 16, లీగ్ రద్దయిన ఆరో రోజు. సలా రెండో సగంలో దిగాడు, రెండు గోల్స్ కొట్టాడు. ఈజిప్టు 4-3తో గెలిచింది. ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. మరుసటి జనవరిలో అదే అరబ్ కాంట్రాక్టర్స్ నుంచి మొహమ్మద్ ఎల్నెనీ కూడా బాసెల్ విమానమెక్కాడు. ఆ తర్వాత లివర్‌పూల్ చొక్కా మీద సలా పేరు హైదరాబాద్, విశాఖ వీధుల్లో తిరిగే కుర్రాళ్ల వీపులదాకా వచ్చింది.

లీగ్ ఆగబట్టే సలా బయటపడ్డాడని సంబరపడేవాళ్లున్నారు. నాకా లెక్క నచ్చదు. అంత ఆట ఉన్నవాడు ఇవాళ కాకపోతే రేపు వెళ్లేవాడే. ఆ రెండేళ్లలో ఎవరూ చూడక, ఆడక, కాళ్లు మొద్దుబారి, కిరాణా కొట్లోనో ఆటో స్టాండ్‌లోనో తేలిన 19 ఏళ్లవాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు.

జాతీయ జట్టు గతి కూడా చూడాలి. 2006, 2008, 2010ల్లో వరసగా మూడుసార్లు ఆఫ్రికా కప్పు గెలిచిన జట్టు ఆ తర్వాత వరసగా మూడు ఆఫ్రికా కప్పులకు అర్హతే సాధించలేదు. 2012 జూన్‌లో సొంతగడ్డ మీద సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ చేతిలో 3-2తో ఓడింది. అమెరికా నుంచి వచ్చిన కోచ్ బాబ్ బ్రాడ్లీ మాత్రం దేశం విడిచి పోలేదు. పోర్ట్ సయీద్ తర్వాత కైరో వీధుల్లో సంతాప ప్రదర్శనలో భార్యతో కలిసి నడిచాడు. మ్యాచ్ ప్రాక్టీసు లేని ఆటగాళ్లతోనే 2014 ప్రపంచకప్ అర్హత పోటీల గ్రూపులో ఆరుకు ఆరు గెలిపించాడు. చివరి మెట్టు మీద ఘనా 6-1తో పడగొట్టింది.

రెండోసారి

2013 జనవరి 26న పోర్ట్ సయీద్ కేసులో 21 మందికి మరణశిక్ష పడింది. కైరోలో అహ్లీ అభిమానులు వీధుల్లోకొచ్చి ఆడారు, పాడారు. పోర్ట్ సయీద్‌లో జనం జైలు మీదికి వెళ్లారు. ఆ ఒక్కరోజే అక్కడ 30 మంది దాకా చనిపోయారు. అధ్యక్షుడు ముర్సీ కాలువ ఒడ్డున ఉన్న మూడు నగరాల్లో అత్యవసర పరిస్థితి పెట్టాడు. స్టేడియంలో మొదలైన చావులు స్టేడియం దాటి ఊరంతటికీ పాకాయి.

ఆ వేడిలోనే, తీర్పు వచ్చిన వారానికి, లీగ్ మళ్లీ మొదలుపెట్టారు. 19 జట్లలో మస్రీ పోగా 18 మిగిలాయి. తక్కువ మ్యాచుల్లో తేల్చేద్దామని తొమ్మిదేసి జట్లతో రెండు గ్రూపులు చేశారు. సైన్యం అధీనంలోని స్టేడియాలకు ప్రాధాన్యం. ప్రేక్షకులకు ప్రవేశం లేదు. కోచ్ కేకలు, బంతి తన్నిన చప్పుడు టీవీలో స్పష్టంగా వినిపించేవి. కరోనా తర్వాత మనందరికీ ఆ చప్పుడు తెలుసు గానీ, ఈజిప్టువాళ్లకు ఏడేళ్ల ముందే తెలుసు.

మార్చి 9న పూర్తి తీర్పు. 21 మరణశిక్షలు ఖరారయ్యాయి. తొమ్మిది మంది పోలీసు అధికారుల్లో ఇద్దరికి 15 ఏళ్ల చొప్పున శిక్ష పడింది, ఏడుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. ఈసారి కైరో కుర్రాళ్లకు కోపమొచ్చింది. పోలీసు అధికారుల క్లబ్బూ, పక్కనే ఫుట్‌బాల్ సంఘం కార్యాలయమూ తగలబడ్డాయి. ఆ మంటల సంగతి 2020లో మళ్లీ చర్చకొచ్చింది. ఆఫ్రికా కప్పుతో సహా కొన్ని ట్రోఫీలు కనిపించడం లేదని, అవి ఆనాటి అగ్నిప్రమాదంలో పోయాయో లేదో విచారిస్తున్నామని సంఘం చెప్పింది. మూడుసార్లు వరసగా గెలిచి శాశ్వతంగా సొంతం చేసుకున్న కప్పు పోయిందో ఉందో ఆరా తీయడానికే ఏడేళ్లు పట్టింది!

జూన్ 30న ముర్సీకి వ్యతిరేకంగా లక్షలమంది రోడ్డెక్కారు. జులై 3న సైన్యం అతన్ని దించేసింది. ఆ నెలలోనే లీగ్ రద్దయింది. గ్రూపు మ్యాచులు దాదాపు పూర్తయి, విజేతను తేల్చే చివరి దశ ఒక్కటే మిగిలిన సమయంలో. మొదటి రద్దుకి ఒక రాత్రి కారణం. రెండోదానికి అలాంటి రాత్రి కూడా అక్కర్లేకపోయింది. ఆపడం అప్పటికే అలవాటైపోయింది.

ఈ అలవాటు ఈజిప్టుకే పరిమితం అనుకోనక్కర్లేదు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మధ్య డ్యూరాండ్ కప్ మ్యాచ్ రద్దయింది. ఆర్జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్యాచారం మీద నగరం అట్టుడుకుతున్న రోజులవి. మ్యాచ్‌కి చాలినంత బలగం లేదన్నారు. దాంతో రెండు జట్ల అభిమానులూ, వాళ్లతో మొహమ్మడన్ అభిమానులూ కలిసి సాల్ట్‌లేక్ స్టేడియం బయట నిరసనకు దిగారు. వాళ్లను చెదరగొట్టడానికి మాత్రం బలగం వచ్చింది, లాఠీలు లేచాయి. 1980లో ఇవే రెండు జట్ల మ్యాచ్‌లో ఈడెన్ గార్డెన్స్‌లో 16 మంది అభిమానులు చనిపోయిన నగరం అది. అక్కడ జాగ్రత్త అవసరం లేదని ఎవరూ అనరు. మ్యాచ్‌కి లేని పోలీసు నిరసనకు ఎక్కణ్నుంచి వచ్చాడన్నదే అడగాల్సిన మాట.

మరో ఇనుప దారి

ఈజిప్టు లీగ్ 2013 డిసెంబరులో 22 జట్లతో తిరిగి మొదలై, ఈసారి చివరిదాకా నడిచింది. అహ్లీ గెలిచింది. మస్రీ కూడా తిరిగొచ్చింది గానీ ఏళ్ల తరబడి సొంత మ్యాచుల్ని పరాయి ఊళ్లలో ఆడింది. ప్రేక్షకుల మీద నిషేధం మాత్రం పోలేదు.

2015 ఫిబ్రవరిలో కొద్దిమందిని అనుమతించి చూద్దామనుకున్నారు. ఫిబ్రవరి 8న కైరో శివార్లలో వైమానిక రక్షణ దళం స్టేడియం, జమాలెక్, ఎన్పీ మ్యాచ్. లోపలికి వెళ్లడానికి ముళ్లతీగలు చుట్టిన ఇరుకు ఇనుప దారి ఒకటి కట్టారు. వేలమంది దాంట్లోకి చేరాక పోలీసులు బాష్పవాయువు వదిలారు. దాదాపు 20 మంది తొక్కిసలాటలో చనిపోయారు. మూడేళ్ల క్రితం మూసిన గేటు, ఇప్పుడు ఇనుప బోను. లోపల మ్యాచ్ మాత్రం ఆగలేదు. జమాలెక్ ఆటగాడు ఒమర్ గబర్ ఒక్కడు ఆడనని కూర్చుంటే క్లబ్బు అతని మీదే చర్య తీసుకుంది. లీగ్ మళ్లీ కొన్ని వారాలు ఆగింది. ఆ మే నెలలో కోర్టు అల్ట్రాస్ సంఘాలను నిషేధించింది. 2018లో రెండు సంఘాలూ తమంతట తామే రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించాయి. అబూతరీకా పేరు 2017లో ఉగ్రవాదుల జాబితాలో చేరింది.

ఇక 2019. ఆఫ్రికా కప్పు నిర్వహణ కామెరూన్ చేయి జారి, జనవరిలో ఈజిప్టుకు దక్కింది. గడువు ఆరు నెలలు. 24 జట్లు, ఆరు స్టేడియాలు, ఖండం నలుమూలల నుంచి వచ్చే అభిమానులు. 18 జట్ల లీగ్‌కి బందోబస్తు ఇవ్వలేమన్న రాజ్యమే ఈసారి సరేనంది. స్టేడియాలకు రంగులేశారు, కెమెరాలు బిగించారు, టికెట్ కొనేవాడు తన వివరాలు ముందే నమోదు చేసుకుని ఫొటో ఉన్న కార్డు తీసుకోవాలన్నారు. టికెట్ ధర పేదవాడికి అందనంతగా ఉందన్న గొడవ వచ్చింది. అయినా ఈజిప్టు ఆడిన ప్రతి రోజూ కైరో స్టేడియం నిండింది, ఇనుప దారులూ మూసిన గేట్లూ ఎవరి ప్రాణమూ తీయలేదు. జులై 19న ఫైనల్ అయిపోయింది. కొత్త లీగ్ సీజన్ మొదలయ్యాక, ఎంతమందిని లోపలికి రానివ్వాలో చెప్పాల్సింది మళ్లీ హోం శాఖే.